మళ్ళీ వస్తానని మాటిచ్చాను, ఇప్పుడు వెళ్ళాలా అక్కా?

ఒంగోలు దగ్గరి ఒక ఊరి నుంచి వెళ్ళి టెక్సాస్‌లో ఎంఎస్ చదువుతున్న 24 ఏళ్ళ అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దంది. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు ఇక్కడ చెప్తాను.

కిందటి జూన్‌లో ఈ అమ్మాయి తన యూనివర్సిటీలోని క్రైస్తవ విద్యార్థుల ఫెలోషిప్‌తో కలిసి కెన్యాకు మిషన్ ట్రిప్ వెళ్ళింది. కిసుము నగరానికి గంటన్నర దూరంలో ఒక పల్లె. అక్కడి సంఘం నడిపే బడిలో రెండు వారాలు ఉన్నారు. పిల్లలకి వీబీఎస్ (పాటలు, కథలతో బైబిలు తరగతులు) పెట్టారు, ఒక తరగతి గదికి రంగులు వేశారు, దగ్గర్లోని పిల్లల హోమ్‌కి వెళ్ళి పాటలు పాడి ఫోటోలు దిగారు. బృందంలో తనొక్కతే ఇండియన్. నానమ్మ దగ్గర పెరుగుతున్న ఎనిమిదేళ్ళ పాప ఒకతి రెండో రోజు నుంచీ ఈమెను అంటిపెట్టుకుని తిరిగింది. "బయల్దేరే రోజు వ్యాన్ దగ్గర నా చున్నీ కొసను వేలికి చుట్టుకుని నిలబడి, మళ్ళీ వస్తావా అని అడిగింది అక్కా. తప్పకుండా వస్తానన్నాను. ఇంకేమనను?" అని రాసింది.

వచ్చే జూన్‌లో బృందం మళ్ళీ వెళ్తోంది. ఈసారి స్టూడెంట్ లీడర్‌గా రమ్మని అడిగారు. ఒక్కొక్కరికి ఖర్చు 3,400 డాలర్లు, మన లెక్కలో దాదాపు 3 లక్షలు. మే నెలలో చదువు అయిపోతుంది. ఉద్యోగం ఇంకా దొరకలేదు, ఓపీటీకి (చదువయ్యాక అమెరికాలో కొన్నాళ్ళు పనిచేసే అనుమతికి) అప్లై చెయ్యాలి. ఇంటి కాగితాలు తాకట్టు పెట్టి తీసుకున్న 38 లక్షల లోను ఉంది. నాన్నగారు ఆర్టీసీలో కండక్టరు, రిటైర్‌మెంట్‌కి దగ్గరపడ్డారు. మొదటి ప్రయాణం సంగతి ఆయనకి ఇప్పటికీ తెలియదు. యూనివర్సిటీ ప్రాజెక్టు పని మీద వెళ్ళిందని తల్లీకూతుళ్ళిద్దరూ కలిసి చెప్పారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. తిరిగొచ్చాక ఆ బడిలో టీచరు ఒకామె వాట్సాప్‌లో పాప యూనిఫాం కోసం సాయం అడిగింది. ఈ అమ్మాయి క్యాంపస్ ఉద్యోగం జీతంలోంచి కొంచెం పంపింది. తర్వాత నెల మళ్ళీ పంపింది. అది తెలిసి ఇంకో ఇద్దరు తమ పిల్లల కోసం మెసేజ్‌లు పెట్టారు. ఏం చెప్పాలో తెలియక ఎవరికీ జవాబివ్వడం మానేసింది. విషయం అక్కడి పాస్టర్ గారి చెవిన పడి, ఆయన నొచ్చుకున్నారని బృందం నాయకుడి ద్వారా తెలిసింది.

ఉత్తరం చివర్లో ఒక మాట రాసింది. "చిన్నప్పుడు మా ఊరి చర్చికి ఫారిన్ టీములు వచ్చేవి. బెలూన్లు, చాక్లెట్లు పంచి ఫోటోలు తీసుకునేవాళ్ళు. ఒకామె మా నాయనమ్మను ఫోటో తీసి పంపిస్తానంది. మా నాయనమ్మ పోయేదాకా అడుగుతూనే ఉంది, ఫోటో వచ్చిందా అని. నేనూ అలాంటిదాన్నే అయ్యానా? వెళ్ళకపోతే మాట తప్పినట్టు, వెళ్తే నాన్నను మోసం చేసినట్టు. దేవుని చిత్తం ఎలా తెలుసుకోను? నన్ను చెల్లెలనుకుని చెప్పండక్కా."

వందనాలు చెల్లీ.

నీ ఉత్తరం ఒకటికి రెండుసార్లు చదివాను. దేవుని చిత్తం గురించి అడిగావు గానీ, నువ్వు రాసిన వాటిలో చాలా సంగతులకు ఆ ప్రశ్న అవసరమే లేదు. నాన్నకి నిజం చెప్పాలా అన్నది ప్రార్థనలో తేలాల్సిన విషయం కాదు. మెసేజ్‌లకి జవాబివ్వాలా అన్నదీ కాదు. వాటికి సమాధానం నీకు ముందే తెలుసు, భయం వల్ల పక్కన పెట్టావు. అవి తీసేస్తే అసలు ప్రశ్న ఒక్కటే మిగులుతుంది: ఈ జూన్‌లో, ఈ బృందంతో, ఈ పరిస్థితిలో వెళ్ళాలా వద్దా. అన్నీ ఒకే మూటలో కట్టుకుని మోస్తున్నావు కాబట్టే అంత బరువుగా ఉంది.

ముందు ఆ పాపకిచ్చిన మాట. వస్తానన్నావు, వచ్చే జూన్‌కే వస్తాననలేదు. దీన్ని తప్పించుకునే దారిలా చెప్పడం లేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి, నీ నాయనమ్మ సంగతి రాశావంటే ఆ విలువ నాకంటే నీకే బాగా తెలుసు. కానీ నాయనమ్మకి కావాల్సింది ఏమిటో ఒక్కసారి ఆలోచించు. ఆ ఫారిన్ ఆమె మళ్ళీ విమానమెక్కి రావాలని ఆమె అడగలేదు. ఫోటో రావాలంది. ఒక కవరు, ఒక స్టాంపు, నాలుగు మాటలు వస్తే ఆమె మనసు నిండేది. నువ్వు ఆ పాపకి ఈ వారమే ఉత్తరం రాయొచ్చు. కిందటేడు దిగిన ఫోటో ప్రింటు వేయించి, వెనక పేరు రాసి, పాస్టర్ గారి చిరునామాకి పంపు. ఎప్పుడు వస్తావో తెలిసేదాకా తేదీ చెప్పకు. "నిన్ను మర్చిపోలేదు, నీకోసం ప్రార్థన చేస్తున్నాను" అని రాయి, నిజంగా చెయ్యి. నువ్వు వెళ్ళినా వెళ్ళకపోయినా ఆ ఉత్తరం వెళ్ళాలి.

ఇంకొకటి, కొంచెం కష్టంగా ఉంటుంది గానీ చెప్పాలి. ఏటా కొత్త బృందం వచ్చి రెండు వారాలు ముద్దు చేసి వెళ్ళిపోతుంటే పిల్లలు ప్రతి జూన్‌లో ఒకరికి దగ్గరై, ప్రతి జులైలో ఒకరిని పోగొట్టుకుంటారు. ఆ పాపని పెంచుతున్నది నానమ్మ. జ్వరమొస్తే తడిగుడ్డ వేసేది ఆవిడే. విక్టోరియా సరస్సు చుట్టుపక్కల ఎయిడ్స్ వల్ల ఎంతోమంది తల్లిదండ్రులు చనిపోయారు, పిల్లల్ని ముసలివాళ్ళే పెంచుకొచ్చారు. నువ్వు మళ్ళీ వెళ్తే పాప కంటే ముందు నానమ్మ దగ్గరికి వెళ్ళు, కూర్చో, ఆమె వండింది తిను. నీ ప్రేమ ఆవిడ ద్వారా పాపకి అందితే, నువ్వు వచ్చేశాక కూడా ఆ ఇంట్లో ఉంటుంది.

ఇక డబ్బు సంగతి. పంపినందుకు నిన్ను తప్పు పట్టను. బిడ్డకి యూనిఫాం లేదంటే ఎవరి చెయ్యి ఆగుతుంది? కెన్యాలో ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో 2003 నుంచి ఫీజు లేకపోయినా యూనిఫాం, పుస్తకాల ఖర్చు ఇంటివాళ్ళ మీదే పడుతుంది. పైగా నువ్వు వెళ్ళింది సంఘం నడిపే బడి. అక్కడ ఎంపెసా (ఫోన్‌లో డబ్బు పంపే సేవ) ఉంది కాబట్టి టెక్సాస్‌లో నువ్వు మీట నొక్కితే నిమిషాల్లో పల్లెలో ఫోన్ మోగుతుంది. అంత సులువు కావడమే చిక్కయింది. ఆ బడిలో ఏ పిల్లకి ఎక్కువ అవసరమో అక్కడి సంఘపెద్దలు కూర్చుని ఆలోచించుకునే పద్ధతి ఏదో ఉండి ఉంటుంది. నువ్వు పంపిన డబ్బు దాన్ని దాటి వెళ్ళింది. ఒక పిల్లకి కొత్త యూనిఫాం వచ్చింది, పక్క పిల్లకి రాలేదు. అడగగలిగినవాళ్ళకి, స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్ళకి అందింది. పాస్టర్ గారు నొచ్చుకున్నది అందుకే అయ్యుంటుంది.

మీ ఒంగోలు చరిత్రే గుర్తు తెచ్చుకో. 1876-78 కరువులో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి పని చూపించాడు. కరువు సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వచ్చినవాళ్ళెవరో విశ్వాసంతో వచ్చినవాళ్ళెవరో తెలియకుండా పోకూడదని. ఆ తర్వాతే 1878 జులై 3న గుండ్లకమ్మ దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఈ కథ చెప్పే ఉంటారు. డబ్బునీ విశ్వాసాన్నీ ఎక్కడ విడిగా ఉంచాలో అప్పుడే అంత జాగ్రత్తగా చూసుకున్నారు. నీ చేతిలో ఉన్నది యాభై డాలర్లే కావచ్చు, జాగ్రత్త మాత్రం అంతే ఉండాలి.

కాబట్టి పాస్టర్ గారికి నువ్వే సూటిగా రాయి, నాయకుడి ద్వారా కాదు. ఎవరికి ఎంత పంపావో, ఎవరెవరు అడిగారో చెప్పు. "మీ సంఘం పద్ధతి ఏమిటో చెప్పండి, ఇకమీదట నేను చేయగలిగింది దాని ద్వారానే చేస్తాను" అని అడుగు. ఆ ఇద్దరికి కూడా జవాబివ్వు. ఇవ్వలేనని చెప్పడం తప్పు కాదు. "విడిగా ఎవరికీ పంపనని పాస్టర్ గారికి చెప్పాను, దయచేసి ఆయనతో మాట్లాడండి" అంటే చాలు. ఇందులో ఒక జాగ్రత్త: ఆ టీచరు ఉద్యోగానికి ఇబ్బంది రాకుండా రాయి. ఆమె తన కోసం అడగలేదు, పాప కోసం అడిగింది. ఆ సంగతి పాస్టర్ గారికి స్పష్టంగా చెప్పు.

నాన్న విషయానికి వస్తాను. నువ్వు ఎక్కువ భయపడుతున్నది ఇక్కడే అని ఉత్తరం చదివితే తెలుస్తోంది.

ఆయన కోప్పడతారు. ఎవరైనా కోప్పడతారు. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి పంపిన మనిషి, బస్సులో నిలబడి టికెట్లు కొట్టిన డబ్బుతో వడ్డీ కడుతున్న మనిషి. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు, అప్పు తీర్చాక సేవ చెయ్యమంటారు. ఆ మాటలో న్యాయం ఉంది, దాన్ని అవిశ్వాసమని కొట్టిపారెయ్యకు. అయితే ఆయన కోపం డబ్బు మీదా, అబద్ధం మీదా అన్నది వేరుచేసి చూడు. డబ్బు లెక్కలు చెప్పుకుంటే సర్దుకుంటాయి. అబద్ధం మాత్రం నువ్వు చెప్పేదాకా అలాగే ఉంటుంది. రెండోసారి వెళ్ళడానికి రెండో అబద్ధం కావాలి, అది మొదటిదానికంటే పెద్దది కావాలి. దాని మీద నిలబడి అక్కడి పిల్లలకి బైబిలు కథ చెప్పడం నీవల్ల కాదు. అవుతుందనుకుంటే నువ్వు ఈ ఉత్తరం రాసేదానివే కాదు.

ముందు అమ్మతో మాట్లాడు. ఆమెకి చెప్పకుండా నాన్నకి చెప్తే ఆ ఇంట్లో ఆమె ఒంటరిగా ఇరుక్కుంటుంది. నువ్వు అమెరికాలో ఫోన్ పెట్టేస్తావు, పక్క గదిలో ఉండేది ఆమె. "అమ్మా, నేను చెప్తాను, తప్పు నాదని చెప్తాను, నీ మీదికి రానివ్వను" అను. తర్వాత నాన్నకి డ్యూటీ లేని రోజు చూసి ఫోన్ చెయ్యి. వీడియో కాల్ అయితే మంచిది. సంజాయిషీతో మొదలెట్టకు. "నాన్నా, పోయినేడు నేను ప్రాజెక్టు పని మీద వెళ్ళలేదు, చర్చి వాళ్ళతో కెన్యా వెళ్ళాను, మీకు అబద్ధం చెప్పాను" అని మొదటి మాటలోనే చెప్పేసెయ్. ఆ తర్వాత ఆయన ఏమన్నా విను. ఆ ఫోన్లోనే వచ్చే జూన్ గురించి అనుమతి అడగకు. ముందు నిజం చెప్పడానికి ఒక ఫోన్, కొన్నాళ్ళ తర్వాత ప్రయాణం గురించి ఇంకో ఫోన్. రెండూ కలిపితే మొదటిది బేరంలా వినిపిస్తుంది. కొన్ని రోజులు ఆయన మాట్లాడకపోవచ్చు. ఆ రోజుల్ని ఓర్చుకో.

ఇప్పుడు కాగితాల సంగతి. ఇందులో "దేవుడు చూసుకుంటాడు" అనకు. గాల్లో దీపం పెట్టి దేవుడా నీదే భారం అనడం విశ్వాసం కాదు.

చదువు పూర్తయ్యే తేదీకి 90 రోజుల ముందు నుంచి ఓపీటీకి అప్లై చేసుకోవచ్చు. ఆ తేదీ దాటాక 60 రోజుల దాకా కూడా వీలుంది, కానీ అప్లై చేసేటప్పుడు నువ్వు అమెరికాలోనే ఉండాలి. చదువు అయిపోయాక అప్లై చెయ్యకుండా దేశం దాటితే ఆ ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద తిరిగి రావడం కుదరదు, ఓపీటీ పోతుంది. అప్లై చేసి, ఇంకా పెండింగ్‌లో ఉండగా వెళ్ళడాన్ని ఎవరూ నిషేధించలేదు. అయితే నువ్వు అక్కడ ఉండగా అది అప్రూవ్ అయితే, తిరిగొచ్చేటప్పుడు ఈఏడీ కార్డు (పనిచేసే అనుమతి కార్డు), ఉద్యోగం ఉన్నట్టు ఉత్తరం చూపించమంటారు. కార్డు టెక్సాస్‌లో నీ మెయిల్‌బాక్సులో ఉంటుంది, నువ్వు నైరోబి ఎయిర్‌పోర్టులో ఉంటావు. ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి పత్రం) మీద ట్రావెల్ సంతకం చదివేవాళ్ళకి ఏడాది చెల్లుతుంది, ఓపీటీలో ఉన్నవాళ్ళకి 6 నెలలే. ఓపీటీ మొదలయ్యాక ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదు. దేశం బయట గడిపిన రోజులూ ఆ లెక్కలోకే వస్తాయి. ఫెలోషిప్ నాయకుడు అమెరికన్, తిరిగి రావడానికి ఆయనకి పాస్‌పోర్టు ఒక్కటి ఉంటే చాలు. ఈ చిక్కులు ఆయనకి తెలియకపోవడం సహజం, నువ్వే చెప్పాలి. ఆయనకి మాటిచ్చే ముందు మీ డీఎస్‌ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారి) దగ్గర కూర్చుని నీ తేదీలన్నీ కాగితం మీద రాయించుకో. స్నేహితుల వాట్సాప్ గ్రూపులో విన్నదాని మీద ఆధారపడకు.

నాన్నతో మాట్లాడేటప్పుడు కూడా ఇవే పనికొస్తాయి. "వెళ్ళాలనుంది" అనడం వేరు, "ఫలానా తేదీకి అప్లై చేశాను, కార్డు వచ్చింది, ఉద్యోగంలో చేరే తేదీ ఇది, మధ్యలో ఈ రెండు వారాలు ఖాళీ" అనడం వేరు.

నిన్ను స్టూడెంట్ లీడర్‌గా అడిగారన్న సంగతి మీద ఇంకొంచెం మాట్లాడాలి, ఎందుకంటే రెండోసారి వెళ్ళడం మొదటిసారి లాంటిది కాదు. మొదటిసారి ఎవరో తీసుకెళ్ళారు, వెళ్ళావు, చూశావు, ఏడ్చావు. రెండోసారికి నీకు మనుషుల పేర్లు తెలుసు, వాళ్ళకి నీ పేరు తెలుసు. కిందటిసారి ఏం జరిగిందో కూడా తెలుసు. ఆ తెలిసినదాన్ని పక్కన పెట్టి మళ్ళీ అదే కార్యక్రమం చేస్తే, నువ్వు వెళ్ళడం వల్ల ఆ ఊరికి కలిగే మేలు ఏమీ లేదు.

కాబట్టి ఇక్కడ టీ-షర్టుల రంగు నిర్ణయించుకునే ముందు అక్కడివాళ్ళని అడగండి. జూన్‌లో రావడం వాళ్ళకి అనుకూలమేనా? కెన్యాలో బడి ఏడాది జనవరిలో మొదలై మూడు టర్ములుగా నడుస్తుంది. జూన్ అంటే రెండో టర్ము మధ్యలో. మీరు వీబీఎస్ పెట్టారంటే ఆ రెండు వారాలు లెక్కలు, సైన్సు ఆగిపోయినట్టే. ఆగస్టులో వాళ్ళకి సెలవులుంటాయి. అప్పుడు వెళ్తే పాఠాలు ఆగవు. జూన్ అన్నది అమెరికన్ యూనివర్సిటీ సెలవుల లెక్క, ఆ పల్లె లెక్క కాదు. పాస్టర్ గారు అతిథి మర్యాద కొద్దీ "ఎప్పుడైనా రండి" అంటారు. మన ఊళ్ళలోనూ అంతే కదా, వచ్చినవాళ్ళని వద్దనం. అందుకే "రావచ్చా" అని అడగకు. "టర్ము మధ్యలో వస్తే పాఠాలకి ఎంత నష్టం? ఆగస్టు అయితే ఎలా ఉంటుంది? మేము రాకుండా ఆ డబ్బు పంపితే బడికి దేనికి వాడతారు?" అని అడుగు. మూడో ప్రశ్న అడగడానికి ధైర్యం కావాలి. మీ బృందం పదిమంది ఖర్చు కలిపితే 34,000 డాలర్లు. జవాబు "మీరే రావాలి" అని రావచ్చు. అప్పుడు వెళ్ళడానికి మీకు గట్టి కారణం ఉంటుంది.

పిల్లల హోమ్ సంగతి కూడా. ఈసారి కార్యక్రమంలో అది ఉంటే, లీడర్‌గా నువ్వు తీసేయమని అడగాలని నా గట్టి అభిప్రాయం. అలాంటి హోమ్‌లలో ఉండే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు, పేదరికం వల్ల అక్కడ వదిలినవాళ్ళే ఎక్కువ. వచ్చిపోయే ఫారినర్ల కానుకల మీద హోమ్‌లు నడుస్తుంటే పిల్లల్ని ఇంటికి పంపాలన్న ఆలోచన వెనక్కి పోతుంది. కెన్యా ప్రభుత్వం 2017 నవంబరులో కొత్త హోమ్‌ల రిజిస్ట్రేషన్ ఆపేసింది. 2022లో పదేళ్ళ ప్రణాళిక ప్రకటించింది, పిల్లల్ని హోమ్‌ల నుంచి కుటుంబాల్లోకి చేర్చాలని. ఆ దేశం ఒకవైపు వెళ్తుంటే మనం చాక్లెట్లు పట్టుకుని ఎదురు వెళ్ళకూడదు. పిల్లల ఫోటోలు సోషల్ మీడియాలో పెట్టొద్దని కూడా బృందానికి ముందే చెప్పు. నీ నాయనమ్మ ఫోటో సంగతి వాళ్ళకి చెప్పు. నియమాల పుస్తకం కంటే ఆ ఒక్క సంగతి వాళ్ళకి బాగా ఎక్కుతుంది.

ఇవన్నీ అడిగితే నాయకుడు నొచ్చుకోవచ్చు. "ఈ అమ్మాయి ప్రతిదానికీ ప్రశ్నలేస్తోంది" అనుకోవచ్చు, లీడర్‌గా వద్దనొచ్చు. ఆ నష్టానికి సిద్ధపడే అడుగు. కానీ ఆ పదిమందిలో బృందాలు వచ్చే ఊళ్ళో పుట్టినదానివి నువ్వొక్కదానివే. ఎదురుచూసే వైపు నుంచి చూసినదానివి నువ్వు. ఆ మాట నువ్వు చెప్పకపోతే వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు.

పిల్లలు నిన్ను "ముహిండి" అని పిలిచారని, అది నచ్చలేదని రాశావు. స్వాహిలి భాషలో ఇండియన్లని అలాగే అంటారు, తిట్టు కాదు. కాకపోతే ఆ పిలుపు వెనక చరిత్ర ఉంది. మొంబాసా నుంచి 1901 నాటికి కిసుము దాకా వచ్చిన రైలు మార్గం వేసింది మన దేశం నుంచి తీసుకెళ్ళిన కూలీలే, ఎక్కువమంది పంజాబ్ వైపు వాళ్ళు. దాదాపు 2,500 మంది ఆ పనిలో చనిపోయారు. ఆ తర్వాత గుజరాతీ వ్యాపారులు వచ్చి స్థిరపడ్డారు, కిసుము బజారులో వాళ్ళ దుకాణాలు నువ్వు చూసే ఉంటావు. కాబట్టి ఆ ఊరివాళ్ళకి ఇండియన్ అంటే చాలావరకు కొట్టు యజమాని. నువ్వు నేల మీద కూర్చుని వాళ్ళతో కలిసి ఉగాలి (మొక్కజొన్న పిండి ముద్ద) తింటే వాళ్ళకది కొత్త. అమెరికన్ల కంటే నీకు అక్కడ వేరే చోటు ఉంది, దాన్ని సిగ్గుపడకుండా తీసుకో. ఈ ఆరు నెలల్లో ఆ ప్రాంతపు ధోలువో భాషలో పలకరింపులు, నాలుగైదు వాక్యాలు నేర్చుకో. ఆ టీచర్నే నేర్పమను. డబ్బు కాకుండా ఆమెతో మాట్లాడుకోవడానికి ఒక సంగతి దొరుకుతుంది.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినప్పుడు మన దేశపు క్రైస్తవ సేవకుడు వి.ఎస్. అజరయ్య గారు తెల్ల మిషనరీల ముందు నిలబడి, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితుల్నివ్వండి అన్నారు. రెండేళ్ళకి ఆయనే దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆ మాట అన్నది అందుకునేవాళ్ళ వైపు మనిషి. ఇప్పుడు నువ్వు పంపేవాళ్ళ వైపు నిలబడ్డావు కాబట్టి అది నీకు ఇంకా గట్టిగా వినిపించాలి. మనవాళ్ళు పంపడం కూడా కొత్త కాదు. 1903లోనే తెలుగు బాప్తిస్టులు తమ సొంత కానుకలతో నెల్లూరు వైపు నుంచి జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి పంపారు, అక్కడి తోటల్లో పనికెళ్ళిన తెలుగువాళ్ళ దగ్గరికి. ఆయన పోయేదాకా ఆ జనం మధ్యే పనిచేశారు.

ఇన్ని చెప్పాక నీ ముందు ఏ దారులున్నాయో చూద్దాం.

జూన్‌లోనే వెళ్ళొచ్చు. దానికి ఫిబ్రవరిలోనే ఓపీటీ ఫైలు కదలాలి, కార్డు చేతికి రావాలి, వీలైతే ఉద్యోగం ఖాయం కావాలి, నాన్నకి అంతా తెలిసి ఉండాలి. వెళ్తే బృందాన్ని కొంతైనా మార్చగలుగుతావు, పాపని చూస్తావు. ఉద్యోగం దొరక్కుండా వెళ్తే మాత్రం ఆ రెండు వారాలూ మనసు ల్యాప్‌టాప్ మీదే ఉంటుంది. లోను వాయిదాలు మొదలయ్యేసరికి ఆ 3 లక్షలు గుర్తొస్తాయి. ఖర్చు కోసం సపోర్ట్ లెటర్లు రాయమంటారు, అమెరికాలో అది మామూలే, మీ క్యాంపస్ చర్చిలో రాయొచ్చు. మన ఊరి స్త్రీల సమాజానికి మాత్రం డబ్బు కోసం రాయకు. వాళ్ళు లేకపోయినా ఇస్తారు. వాళ్ళని ప్రార్థన అడుగు.

ఒక ఏడాది ఆగొచ్చు. ఉద్యోగంలో చేరి, కొంత అప్పు తీర్చి, సొంత డబ్బుతో ఆగస్టు సెలవుల్లో వెళ్ళడం. నాన్నకి ఇది ఒప్పుకోదగిన మాట. ఉద్యోగం ఉంటే ఓపీటీలో రాకపోకలు కూడా కొంత నెమ్మది. నష్టం ఏమిటంటే, అప్పటికి బృందం మారిపోవచ్చు, సెలవు దొరక్కపోవచ్చు. కంపెనీ హెచ్-1బీ (ఉద్యోగ వీసా) వేస్తే, ఎఫ్-1 నుంచి దానికి స్టేటస్ మార్పు పెండింగ్‌లో ఉన్నప్పుడు దేశం దాటితే ఆ మార్పు రద్దవుతుంది. "వచ్చే ఏడాది" అన్నది ఎప్పటికీ రాని ఏడాదిగా మారే ప్రమాదం ఉంది. అలా కాకుండా ఉండాలంటే ఆ ఏడాది పొడుగునా ఉత్తరాలు నడవాలి.

వెళ్ళకుండా బృందానికి సాయం చెయ్యడం ఇంకో దారి. కొత్తగా వెళ్ళేవాళ్ళని తయారుచెయ్యి, ఎవరి దగ్గర కూర్చోవాలో, ఏం అడగకూడదో చెప్పు, పాపకి ఉత్తరం వాళ్ళ చేతికిచ్చి పంపు. ఇది నీకు చాలా కష్టంగా ఉంటుంది. వాళ్ళు అక్కడినుంచి ఫోటోలు పంపుతుంటే నువ్వు ఇక్కడ ఇంటర్వ్యూలకి చదువుకుంటావు. కానీ ఆ పల్లెకి జరిగే మేలు నువ్వు వెళ్ళినప్పటికంటే తక్కువేం కాదు.

నన్నడిగితే, ఉద్యోగం ఖాయం కాకపోతే రెండో దారికే మొగ్గుతాను. ఖాయమై, నాన్నతో మనసు కలిస్తే, ఈసారే వెళ్ళు అంటాను. ఇది నా అభిప్రాయం మాత్రమే. నీ బ్యాంకు వాయిదా నేను కట్టను, ఆ పాప కళ్ళు నేను చూడలేదు.

ఏ ఏడాది వెళ్ళినా ఆరోగ్యం సంగతి తేలిగ్గా తీసుకోకు. ఎల్లో ఫీవర్ టీకా ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది, వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డు మాత్రం జాగ్రత్త. తిరుగు ప్రయాణంలో నైరోబి నుంచి ముంబై మీదుగా ఇంటికి వెళ్ళాలనుందని రాశావు. ఆ కార్డు లేకుండా మన ఎయిర్‌పోర్టులో దిగితే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. మలేరియా మాత్రలు తిరిగొచ్చాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్ళు వేసుకోవాలి, మందును బట్టి వారమో నాలుగు వారాలో. చిన్నప్పుడు వచ్చి తగ్గింది కాబట్టి ఏం కాదులే అనుకునే అలవాటు మనవాళ్ళకి ఉంది. సరస్సు పక్కన వచ్చే మలేరియా ప్రాణం తీసే రకం.

ఈ వారం అమ్మకి ఫోన్ చెయ్యి, పాస్టర్ గారికి ఉత్తరం రాయి, డీఎస్‌ఓ అపాయింట్‌మెంట్ తీసుకో. నాయకుడికి జవాబు ఇప్పుడే ఇవ్వొద్దు. జనవరి ఆఖరు దాకా గడువు అడుగు, ఎందుకో కూడా చెప్పు. నాన్నతో మాట్లాడాక ఏమన్నారో నాకు రాయి.